కింది పోర్షన్ కిరాయి

సినిమాల్లో ఇంటి ఓనరంటే ఎప్పుడూ ఒకటే బొమ్మ. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, నీళ్ల మోటారు స్విచ్చి మీద ఒక చెయ్యి, వచ్చేపోయే చుట్టాల మీద ఒక కన్ను వేసి ఉంచే ఆంటీ. అలాంటివాళ్లు లేరని నేననను. మా వీధిలోనే ఇద్దరున్నారు. కానీ రెండు గదులు అద్దెకిచ్చి ఆ డబ్బుతో బీపీ మాత్రలు కొనుక్కునేవాళ్లు కూడా ఓనర్లే కదా. మా అత్తయ్య ఆ రకం ఓనరు.

మాది హైదరాబాదులో నాచారం వైపు. మామయ్య ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో జాగా కొని ముందు కింద రెండు పోర్షన్లు, ఆ తర్వాత పదేళ్లకి పైన మా వాటా కట్టారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి అత్తయ్యకి వచ్చే పింఛను వెయ్యి చిల్లర. ముందు పోర్షన్‌కి 11,000, వెనక పోర్షన్‌కి 9,500 వస్తాయి. ఆ 20,500 ఆవిడవి. ఇంటి పన్ను, మందులు, మనవళ్ల పుట్టినరోజులు, ఊళ్లో పెళ్లిళ్లకి పెట్టే కట్నాలు అన్నీ అందులోంచే. ఇద్దరు కొడుకుల్లో ఎవర్నడిగినా కాదనరు. అడగడమే ఆవిడకి ఇష్టం ఉండదు. "చెయ్యి చాపితే ఇచ్చేటోడు కొడుకే అయినా, చాపేది నా చెయ్యే కద బిడ్డా" అంటారు.

అన్నట్టు, ఆవిడ దాన్ని ఎప్పుడూ 'కిరాయి' అనే అంటారు. మాది ఖమ్మం, మా ఇంట్లో రెండు మాటలూ నడిచేవి. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు మా మాస్టారు, కిరాయి అరబ్బీ నుంచి వచ్చిందని చెబితే ఎంత దూరం నడిచొచ్చిందో అనుకున్నా. ఇప్పుడు ఆ మాటకి నెలనెలా ఒకటో తారీఖు దాకా నడవడమే కష్టమైపోతోంది.

2022 జూన్‌లో వెనక పోర్షన్‌లోకి ఒక కుటుంబం వచ్చింది. భర్తకి సొంత కారు, క్యాబ్ నడుపుకుంటాడు. భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక్కతే కూతురు, అప్పుడు తొమ్మిదో తరగతిలో చేరింది. రెండు నెలల అద్దె అడ్వాన్సు, అంటే 19,000 ఇచ్చారు. (బెంగళూరులో ఉండే మా చెల్లెలు అడ్వాన్సు పది నెలలిచ్చింది. మా లెక్క విని, "అక్కా, మీరు ఓనర్లా, ధర్మసత్రం వాళ్లా" అని నవ్వింది.) వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసుకున్నాం. ఆధార్ కాపీలు తీసుకుని పోలీసుల హాక్ ఐ యాప్‌లో వాళ్ల వివరాలు కూడా మా అబ్బాయి చేత పెట్టించాను.

ఈ పదకొండు నెలలేమిటని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన కౌలు పత్రాలకే రిజిస్ట్రేషన్ కావాలని జనం అనుకుంటారు. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి అందరూ పదకొండు దగ్గర ఆగిపోతారు. అంతే తప్ప, పన్నెండు నెలలుంటే ఇల్లు వాళ్లదైపోతుందని కాదు. ఆ గడువు అయిపోయాక మళ్లీ కాగితం రాసుకోకుండా, వాళ్లు అద్దె ఇస్తూ మనం తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దెగా సాగుతుంది. మా వెనక పోర్షన్ అట్లాగే సాగింది. 2023 ఆగస్టు దాకా ఐదో తారీఖు దాటకుండా అద్దె వచ్చేది.

సెప్టెంబరులో రాలేదు. అక్టోబరులో 4,000 ఇచ్చి, "వచ్చే ఒకటో తారీఖుకి మొత్తం సర్దుతా అమ్మా" అన్నాడతను. తర్వాత తెలిసింది, కారు మీద అప్పు కిస్తీలు కట్టలేకపోతే ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకుపోయారట. నవంబరుకల్లా మనిషి కనబడ్డమే మానేశాడు. వేరే ఊళ్లో ఎవరి లారీయో నడుపుతున్నాడని ఆవిడ చెప్పింది. నిజమో కాదో మనకేం తెలుసు.

ఇక చూడండి మా ఇంట్లో రోజుకో సభ. అదే ఏడాది అత్తయ్య కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కని ఆవిడ కిరాయి డబ్బుల్లోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టుకుంటూ వచ్చారు. మంచి లెన్సు వేయించుకుంటే ముప్పై వేలు అవుతుందన్నారు. వెనక పోర్షన్ అద్దె ఆగేసరికి ఆ పక్కన పెట్టినదే మందులకీ ఇంటి ఖర్చుకీ కరిగిపోయింది. మా ఆయన "నేను పెడతానమ్మా, రేపే చేయిద్దాం" అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "నా పైసలు నాకు రానీ" అన్నారు. ఎడమకన్నుతో బియ్యంలో రాళ్లేరుతూ ఆవిడ ఆ మాటంటుంటే మా ఆయనకి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కింది పోర్షన్ మీద చూపించారు.

"కరెంటు పీకేస్తా. నీళ్లు బంద్ చేస్తా. రెండ్రోజుల్లో వాళ్లే పోతారు."

వీధిలో అందరిదీ అదే సలహా. ఎదురింటాయన ఇంకో అడుగు ముందుకేసి, ఆవిడ లేనప్పుడు తాళం మార్చేయమన్నాడు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్ల పేరు మీదికి పోతుందట, తొందరగా వెళ్లగొట్టండి" అని భయపెట్టింది. వాళ్లొచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు!

ఇంత గోలలో నేను చేసిన పని ఒక్కటే. మా ఆడపడుచు తోటికోడలి తమ్ముడు మల్కాజ్‌గిరి కోర్టులో లాయరు. చుట్టరికం ఎంత దూరమైనా ఫీజు దగ్గర దగ్గరవుతుందని ఆశపడి, అగ్రిమెంటు, ఇంటి పన్ను రసీదు, అత్తయ్య లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆయన చెప్పినవి ఇంటికొచ్చి అదే పుస్తకం వెనక పేజీల్లో రాసిపెట్టుకున్నాను. మీలో చాలామందికి పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నా.

మొదటిది ఆ పన్నెండేళ్ల భయం. మన అనుమతితో, మనకి అద్దె కడుతూ ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా కిరాయిదారులే. ఆ పన్నెండేళ్ల లెక్క, ఓనరు హక్కుని కాదని, అందరికీ తెలిసేలా ఆక్రమించుకుని ఉన్నవాళ్ల సంగతి. అద్దెకి దిగినవాడు, దిగేనాటికి ఈ ఇల్లు నీది కాదని తనకి ఇల్లిచ్చిన ఓనరుతో వాదించడానికి సాక్ష్యాల చట్టమే ఒప్పుకోదు. కాబట్టి మనం జాగ్రత్త చేసుకోవాల్సింది అగ్రిమెంటూ, అద్దె ముట్టిన రుజువులూ. ఇప్పుడైతే ఫోన్‌లో పంపిస్తారు కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. చేతికిస్తే రసీదు రాసి సంతకం పెట్టించుకోవాలి.

రెండోది రెంట్ కంట్రోలు. మామయ్య హయాంలో ఆ మాట ఎక్కువ వినబడేది. 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఉంది, కానీ 2005లో చేసిన సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలకి అది వర్తించదు. హైదరాబాదులో ఇప్పుడు 3,500కి ఏమొస్తుంది చెప్పండి, మహా అయితే రేకుల గది. అంటే మాలాంటి వాళ్లందరికీ దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. దాని 106వ సెక్షను ప్రకారం నెలవారీ అద్దె ముగించాలంటే పదిహేను రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అప్పటికీ ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టులో దావా. దావా ఎన్నేళ్లు పడుతుందని అడిగితే ఆయన నవ్వి, టీ తాగుతారా అనడిగారు.

మూడోది మా ఆయనకోసం ప్రత్యేకంగా అడిగి రాయించుకున్నది. కరెంటు పీకడం, నీళ్లు ఆపడం, తాళం మార్చడం, సామాన్లు బయట పెట్టడం ఇవేవీ చేయకూడదు. అద్దె కట్టకపోయినా సరే. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, వాళ్లు ఆరు నెలల్లోపు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద దావా వేయొచ్చు. అప్పుడు కోర్టు ఇల్లెవరిదన్న వాదన పక్కన పెట్టి, ముందు వాళ్లని మళ్లీ లోపలికి పంపమంటుంది. "అద్దె కోసం మీరు కోర్టుకెక్కాల్సింది పోయి, వాళ్లే మిమ్మల్ని ఎక్కిస్తారు" అన్నారు. మా ఆయన ఇది విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, చట్టం నేను రాసినట్టు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన కోపంలో న్యాయం ఉంది. చట్టం చెప్పేదేమో ఓపిక పట్టమని. ఆ ఓపిక ఖరీదు నెలకి 9,500. వంద ఫ్లాట్లున్న వాడికి ఒక అద్దె ఆగితే తెలియను కూడా తెలియదు. రెండు పోర్షన్లున్న ముసలావిడకి సగం రాబడి ఆగిపోతుంది. పైగా ఆ పోర్షన్ కరెంటు మీటరు మా పేరు మీదే. వాళ్లు బిల్లు కట్టకపోతే బాకీ మా కనెక్షన్ మీద పడుతుంది. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లని కరెంటు వాళ్లు వెతుక్కుంటూ పోరు కదా.

డిసెంబరు చివరిలో లాయరు చేత నోటీసు పంపించాం. రిజిస్టర్డ్ పోస్టు. మా ఇంటి మెట్లు పదిహేడు. పైనుంచి కిందికి చేరాల్సిన కాగితం మల్కాజ్‌గిరిలో పోస్టయి, ఊరంతా తిరిగి, మూడో రోజు మా గేటు దగ్గరికే వచ్చింది. నేను మిద్దె మీద బట్టలారేస్తుంటే పోస్టుమాన్ ఆవిడ చేత సంతకం పెట్టించుకోవడం కనబడింది. ఆవిడ కవరు తిప్పి తిప్పి చూసి, పైకి చూసింది. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. దాక్కోవడం నాకిష్టం లేదు.

సాయంత్రం ఆవిడే పైకొచ్చింది. కవరు చేతిలోనే ఉంది. "అక్కా, ఇంగ్లీషుల ఉంది. బిడ్డ చదివి చెప్పింది" అంది. ఆ ఒక్క మాట దగ్గర నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. పదిహేనేళ్ల పిల్ల తన ఇల్లు ఖాళీ చేయమన్న కాగితాన్ని తల్లికి తెలుగులో చెప్పడం... నేను ఆవిణ్ని కూర్చోబెట్టి, పంక్తి పంక్తీ మళ్లీ చెప్పాను. కోర్టు అంటే పోలీసులు కాదని, పదిహేను రోజులు అంటే పదహారో రోజు సామాన్లు రోడ్డు మీద పడేయడం కాదని కూడా చెప్పాను. లాయరు చెప్పమన్నవి కావు అవి.

"మార్చిలో పిల్ల పది పరీక్షలక్కా. ఇప్పుడు యాడికి పోవాలె? పరీక్షలు అయినంక ఒక్క రోజు ఉండం."

అందరూ నన్ను జాలిగుండె అనుకునేరు. దసరాకి ఆ పిల్లకి పట్టు లంగా ఓణీ కుట్టించినప్పుడు, ఒకసారి బిర్యానీ పార్సిల్ తెచ్చుకున్న వాసన పైకొచ్చినప్పుడు, నాకు ఒళ్లు మండింది. మా అత్తయ్య కన్ను గుర్తొచ్చింది. బాకీ ఉన్నవాళ్లు బిర్యానీ తినకూడదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మంట మాత్రం ఉంది.

ఆ రాత్రి సభలో మా ఆయన, "ఇంకో మూడు నెలలంటే ఇంకో ఇరవై ఎనిమిది వేలు. అమ్మ కన్ను ఎవరు చూస్తారు?" అన్నారు. అత్తయ్య అప్పటిదాకా మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పిల్ల చదువు మధ్యల ఇల్లు మారితే మనసు నిలవదు. పరీక్షలు అయిందాక ఉండనియ్యి. కన్ను ఏడికి పోతది, ఇంకోటి ఉన్నది గద" అన్నారు.

ఆవిడ అట్లా అనడం మొదటిసారి కాదు. చాలా ఏళ్ల కింద ముందు పోర్షన్‌లో ఉన్నాయన తండ్రి ఆసుపత్రిలో పోతే, శవాన్ని అద్దింటికి తెచ్చుకోవడానికి భయపడి వాళ్లు దారిలోనే ఆగి ఫోన్ చేశారు. మీకు తెలిసిందే, మన దగ్గర చాలామంది ఓనర్లు గేటు దాటనివ్వరు. చచ్చిన మనిషిని ఫుట్‌పాత్ మీద పెట్టుకుని ఏడ్చిన కుటుంబాల వార్తలు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! మామయ్య వైపు చుట్టాలు వద్దని చెప్పినా, అత్తయ్య గేటు రెండు తలుపులూ తెరిపించి, "మనం సచ్చినా ఈ గేటులకెంచే పోవాలె, తీసుకరమ్మను" అన్నారు. దినాలయ్యేదాకా వాళ్లిక్కడే ఉన్నారు. ఏ చట్టమూ ఆవిడకి ఆ పని చెప్పలేదు, ఏ చట్టమూ వద్దనలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. జాలి పడితే కాగితం వద్దని కాదు. లాయరు ఒక చిక్కు చెప్పారు. నోటీసు గడువు దాటాక, ఆ తర్వాతి నెలల అద్దె కింద డబ్బు పుచ్చుకుంటే ఇచ్చిన నోటీసు మనమే వదులుకున్నట్టు లెక్క కట్టే అవకాశం ఉంది. జనవరిలో ఆవిడ పండగ జాకెట్లు కుట్టిన డబ్బు 2,000 తెచ్చిస్తే నేను రసీదు ఇలా రాశాను: "ఈ 2,000 రూపాయలు సెప్టెంబరు నెల పాత బాకీ కింద మాత్రమే జమ. నోటీసుకు దీనివల్ల భంగం లేదు." ఫిబ్రవరిలో 1,500 ఇచ్చినప్పుడూ అదే ముక్క. బి.ఏ. తెలుగు చదివి ఏం చేస్తున్నావని అడిగే చుట్టాలకి ఇకమీదట చూపించడానికి ఆ రసీదులున్నాయి నా దగ్గర.

ఇంకో కాగితం కూడా రాశాను. ఏప్రిల్ 10లోగా ఖాళీ చేసి తాళాలు ఇస్తామని, అప్పటికి ఎంత బాకీ ఉంటుందో, అడ్వాన్సు అందులో ఎలా సర్దుకుంటామో, మిగిలింది ఎలా ఇస్తారో. లాయరుకి ఫోన్‌లో చదివి వినిపించి, రెండు మాటలు మార్చాను. ఆవిడ, ఆవిడ అన్న సంతకం పెట్టారు. మా వైపు అత్తయ్య వేలితో తడుముకుంటూ తన పేరు రాశారు. సాక్షులుగా ముందు పోర్షన్ అబ్బాయి, ఎదురింటాయన. తాళం మార్చమన్న ఎదురింటాయనే!

ఆ మూడు నెలలూ నేను ఆ పిల్ల ఇంట్లో లైటు ఎంతసేపు వెలిగిందో చూస్తూ ఉండేదాన్ని. మీటరు తిరుగుతోందని కొంత, చదువుతోందా లేదా అని కొంత. ఒకసారి సందేహం అడగడానికి తెలుగు పుస్తకం పట్టుకుని పైకొచ్చింది. ఛందస్సు. గురువులు లఘువులు వేసి చూపిస్తుంటే మా ఆయన టీవీ సౌండు తగ్గించి, కళ్లజోడు సర్దుకుని, ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయారు.

చెప్పిన మాట ప్రకారం ఏప్రిల్ 7న ఖాళీ చేశారు. లెక్క ఇదీ. ఏడు నెలల అద్దె 66,500. మధ్యలో ఇచ్చినవి 7,500. అడ్వాన్సు 19,000. ఇంకా 40,000. కరెంటు బిల్లు 2,340. వెళ్లేరోజు ఆవిడ అన్న 10,000 కట్టాడు. 32,340 మిగిలింది. ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తుంటే పక్కింటావిడ నా చెవిలో, "కుట్టు మిషను ఆపుకోండి, డబ్బులు అవే వస్తాయి" అంది. బాకీ ఉన్నంత మాత్రాన వాళ్ల సామాను మనంతట మనం పట్టుకునే హక్కు మనకి లేదు. ఆ మాట నేను చెప్పేలోపే అత్తయ్య, "మిషను ఆపుకుంటే ఏంతోని సంపాదించి కడ్తది?" అన్నారు. లాయరు చెప్పినదానికంటే అది సూటిగా ఉంది.

ఖాళీ అయిన పోర్షన్‌కి సున్నాలు, బాత్రూం కుళాయి, పగిలిన సింకు కలిపి ఇంకో ఆరు వేలయ్యాయి. మేకులు లెక్కపెడితే ఇరవై మూడు. ఓనరు ఆంటీలు మేకుల దగ్గర ఎందుకు గొడవపడతారో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఇప్పుడు అందులో కొత్తగా పెళ్లయిన జంట ఉన్నారు. ఈసారి అగ్రిమెంటులో కరెంటు బిల్లు ఎవరు ఎప్పటిలోగా కట్టాలో, ఖాళీ చేయాలంటే ఇరువైపులా ఒక నెల ముందు చెప్పాలని, గోడలు ఎట్లా అప్పజెప్పాలో కూడా రాశాం. పదకొండో నెల రాగానే కొత్త కాగితం. ముందు పోర్షన్ అబ్బాయి కంపెనీలో అద్దె మినహాయింపు కోసం అత్తయ్య పాన్ నంబరు అడిగితే ఆవిడ మొదట భయపడ్డారు. ఏడాదికి లక్ష దాటి అద్దె కట్టేవాళ్లు ఓనరు పాన్ ఇవ్వాల్సిందే. రెండు పోర్షన్లూ నిండా వచ్చినా ఏడాదికి 2,46,000. అందులో 30 శాతం మరమ్మతులూ గట్రా కింద లెక్కలోంచి తీసేస్తే 1,72,200. ఆవిడకి పన్ను పడేంత లేదని కాగితం మీద వేసి చూపించాక గానీ కార్డు పెట్టెలోంచి బయటికి రాలేదు. ఓనర్లు కొందరు పాన్ అనగానే ఎందుకు ఉలిక్కిపడతారో, అందరి లెక్కలూ ఇంత చిన్నవి కావేమో మరి.

అత్తయ్య కంటి ఆపరేషన్ ఆ ఏడాది ఆగస్టులో అయింది. ఆవిడ డబ్బుతోనే. ఆ పిల్ల పది పాసై ఇంటర్‌లో చేరింది. వాళ్లిప్పుడు మల్లాపూర్‌లో ఒక గదిలో ఉంటున్నారు. ఆవిడ ఒక నెల వెయ్యి, ఒక నెల పదిహేను వందలు ఫోన్‌లో పంపిస్తుంది. కొన్ని నెలలు ఏమీ రాదు. ఇప్పటికి 11,500 వచ్చింది. మా ఆయన, ఇంక ఆ బాకీ రాదు, పుస్తకం మూసేయమంటారు. అత్తయ్య మూయనివ్వరు.

మొన్న బతుకమ్మ పండక్కి అత్తయ్య రెండు జాకెట్ గుడ్డలు నాకిచ్చి ఆవిడ దగ్గరే కుట్టించమన్నారు. జాకెట్లు తెచ్చిస్తూ కుట్టుకూలి వద్దందావిడ. అత్తయ్య లెక్కల పుస్తకం తెప్పించి, నా చేత బాకీలో 400 కొట్టేయించి, మిగిలింది 20,440 అని ఆవిడకి చదివి వినిపించమన్నారు.